నొప్పి, దృష్టి మళ్లింపు: చరిత్ర

ఒంటికి దెబ్బ తగిలితే నాడుల వెంట వచ్చే సంకేతాన్ని మెదడు ఉన్నదున్నట్టు అందుకోదు. కొంత తగ్గిస్తుంది, కొన్నిసార్లు పెంచుతుంది, ఒక్కోసారి పూర్తిగా ఆపేస్తుంది. మనసు వేరే పనిలో పడితే నొప్పి తగ్గడం ఈ సర్దుబాటులో ఒక భాగం. నొప్పి పడేవాళ్లకు ఇది ఎప్పటినుంచో తెలుసు. శాస్త్రం ఒప్పుకోవడానికి మాత్రం మూడు శతాబ్దాలు పట్టింది.

ఆలస్యానికి కొంత కారణం ఫ్రెంచి తాత్వికుడు రెనె డెకార్ట్. ఆయన చనిపోయాక 1662లో అచ్చయిన గ్రంథం ప్రకారం నిప్పు కాలిని తాకితే లోపలి దారం లాగబడుతుంది, తాడు లాగితే గంట మోగినట్టు మెదడులో నొప్పి పుడుతుంది. ఎంత గాయమో అంత నొప్పి అన్న లెక్క ఇందులోంచి వచ్చిందే. అయితే డెకార్ట్ తరువాతి తరంవాడైన ఫ్రెంచి గణితవేత్త పాస్కల్ 1658లో పంటినొప్పితో నిద్రపట్టక, సైక్లాయిడ్ అనే వక్రరేఖ లెక్కలో మునిగి ఆ బాధ మరిచాడని చెబుతారు. జర్మన్ తాత్వికుడు కాంట్ కీళ్లనొప్పి వేధించిన రాత్రులు రోమన్ వక్త సిసిరో పేరు మీద మనసు నిలిపి నిద్రపోయేవాడినని 1798లో స్వయంగా రాశాడు. ఇలాంటి అనుభవాలను వైద్యులు ముచ్చట్లుగానే చూశారు.

ఎంత గాయమో అంత నొప్పి అన్న ఆ లెక్క తప్పని గట్టిగా చూపించింది యుద్ధం. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలో పనిచేసిన అమెరికన్ మత్తు వైద్యుడు హెన్రీ బీచర్, తీవ్రంగా గాయపడి స్పృహలో ఉన్న రెండు వందలకు పైగా సైనికులను నొప్పి తగ్గించే మందు కావాలా అని అడిగాడు. నాలుగింట మూడు వంతుల మంది వద్దన్నారు. అలాగని వాళ్ల నాడులు మొద్దుబారిపోలేదు: సూది సరిగా గుచ్చకపోతే అందరిలాగే విసుక్కునేవారు. యుద్ధం నుంచి ప్రాణాలతో బయటపడుతున్నామన్న ఊరట నొప్పిని మింగేసిందని బీచర్ అభిప్రాయం. ఇది దృష్టి మళ్లింపు కాదు. కానీ గాయానికీ నొప్పికీ మధ్య మరేదో ఉందని దీనితో రూఢి అయింది.

ఆ మధ్యనున్నదానికి 1965లో కెనడా మనస్తత్వవేత్త రొనాల్డ్ మెల్జాక్, బ్రిటిష్ నాడీశాస్త్రజ్ఞుడు పాట్రిక్ వాల్ ‘గేటు’ అని పేరు పెట్టారు. వాళ్ల సిద్ధాంతం ప్రకారం వెన్నుపాము వెనుక భాగంలో నొప్పి సంకేతాలకు ఒక అడ్డు ఉంటుంది. స్పర్శను మోసే లావు నాడులు చురుకైతే అది మూసుకుంటుంది. దెబ్బ తగిలిన చోట రుద్దుకుంటే హాయిగా ఉండేది అందుకే. అసలు విశేషం రెండో సగంలో ఉంది: మెదడు కూడా పైనుంచి ఆ గేటును మూయగలదు. గేటు గురించి వాళ్లు గీసిన చిత్రంలోని వివరాలు కొన్ని తరువాత నిలవలేదు, ఈ మాట నిలిచింది.

పైనుంచి వచ్చే ఆజ్ఞ ఎక్కడ పుడుతుందో తెలిసింది 1969లో. మధ్యమెదడులో ద్రవనాళం చుట్టూ ఉండే బూడిద పదార్థానికి విద్యుత్తు తగిలిస్తే ఎలుకలకు మత్తు లేకుండానే పొట్ట కోయవచ్చని డేవిడ్ రేనాల్డ్స్ చూపాడు. ఆ ఆజ్ఞకు తోడ్పడే రసాయనాలు ఆ తరువాత దొరికాయి: 1975లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్లిట్జ్ పంది మెదడు నుంచి ఎన్‌కెఫలిన్లు అనే పదార్థాలను వేరుచేశారు. ఇవి మెదడు సొంతంగా తయారుచేసుకునే నల్లమందు లాంటివి.

మరి మనసు మళ్లితే తగ్గేది నొప్పా, నొప్పి మీద మన ధ్యాసా? ఈ చిక్కుప్రశ్నకు నాకు తెలిసినంతలో అందమైన జవాబు 2012లో జర్మనీలోని హాంబర్గ్ నుంచి వచ్చింది. క్రిస్టియన్ స్ప్రెంగర్, క్రిస్టియన్ బ్యూఖెల్ బృందం వలంటీర్ల చేతికి నొప్పెట్టేంత వేడి తాకిస్తూ, జ్ఞాపకశక్తిని పరీక్షించే పని ఇచ్చింది. పని కష్టమైనప్పుడు నొప్పి తగ్గిందని వలంటీర్లు చెప్పారు. స్కానర్‌లో వెన్నుపాములోని స్పందన కూడా తగ్గినట్టు కనిపించింది. అంటే సంకేతం మెదడు చేరకముందే బలహీనపడుతోంది. నల్లమందు జాతి మందులను అడ్డుకునే నాలోక్సోన్ ఇస్తే ఆ ఉపశమనం సుమారు 40 శాతం పడిపోయింది. ‘అంతా భ్రమ’ అనేవాళ్లకు ఈ అంకె చాలు.

ఆస్పత్రిలో దృష్టి మళ్లింపును వాడటం అంతకుముందే మొదలైంది. కాలిన గాయాలకు కట్టు మార్చడం భరించలేని బాధ. మందులిచ్చినా పూర్తిగా తగ్గదు. అమెరికాలోని సియాటిల్‌లో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ పాటర్సన్ రోగుల కళ్లకు వర్చువల్ రియాలిటీ పరికరం తగిలించారు. 2000లో వచ్చిన తొలి నివేదికలో ఉన్నది ఇద్దరు టీనేజి కుర్రాళ్లే అయినా, మామూలు వీడియో గేమ్ కన్నా ఇది మేలని తేలింది. తరువాత తయారైన ‘స్నోవరల్డ్’లో రోగి మంచులోయలో తేలుతూ పెంగ్విన్ల మీద, మంచుమనుషుల మీద మంచు ఉండలు విసురుతాడు. 2004లో ఆరోగ్యవంతుల మీద చేసిన పరిశీలనలో థాలమస్, ఇన్సులా సహా మెదడులో నొప్పితో ముడిపడిన ఐదు ప్రాంతాల్లో చురుకుదనం తగ్గింది.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. నొప్పి స్వభావమే ధ్యాసను లాక్కోవడం. కాబట్టి దాన్ని గురించి విపరీతంగా భయపడేవాళ్లకు మనసు మళ్లించుకోవడమే కష్టం. పైగా ఆలోచించకూడదని బలవంతాన అణచుకోవడం వేరు, ఇంకో పనిలో పడటం వేరు. 1993లో డీలియా సియోఫీ, జేమ్స్ హాలోవే చల్లటి నీళ్లలో చెయ్యి పెట్టించి పరీక్షిస్తే, అణచుకున్నవాళ్లే అందరికన్నా ఆలస్యంగా కోలుకున్నారు. నెలల తరబడి ఉండే నొప్పికి దృష్టి మళ్లింపు ఒక్కటే చాలదు. 2021 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీర్ఘకాలిక నడుము నొప్పికి అనుమతించిన ఈజ్‌వీఆర్ఎక్స్ అనే వర్చువల్ రియాలిటీ పరికరంలోని ఎనిమిది వారాల కార్యక్రమంలో ధ్యాస మళ్లించడంతో పాటు శ్వాస అభ్యాసాలు, సడలింపు, నొప్పి ఎలా పుడుతుందో వివరించే పాఠాలు కూడా ఉన్నాయి.