దొంగల మెడలో లింగం, బిజ్జలుడిపై కత్తి: బసవపురాణంలో శత్రువు

పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో పొత్తు కుదరని రెండు గొంతులున్నాయని హనుమకొండ సాహిత్య సదస్సుల్లో వింటూనే ఉన్నాం. జంగమ వేషాలతో దోచుకోవడానికి వచ్చిన దొంగలను బసవడు భక్తులుగానే ఆదరిస్తాడు. వాళ్లు లింగాలని నమ్మించడానికి కట్టుకున్న వంకాయలు నిజంగానే లింగాలవుతాయి. అదే ద్విపద ఏడో ఆశ్వాసంలో కల్యాణపు రాజు బిజ్జలుడి హత్యను ఏ సంకోచమూ లేకుండా సమర్థిస్తుంది. దీనికి ఒక పేరున్న విమర్శకుడు సులువైన దారి కనిపెట్టారు. మెత్తని కథలు తమిళ నాయనార్లవట, కరకు కథలు కన్నడ శరణులవట, సోమన రెంటినీ కుట్టాడట. ఈ మాట ఇప్పుడు పరీక్ష గైడ్లలోకీ దిగింది.

ఆయన తమిళ నాయనార్ల కథలు చెప్పే పెరియపురాణం తిరగేసినట్టు లేదు. అందులో ఎరిపత్త నాయనారు, ఒక భక్తుడి పూలబుట్టను చిందరవందర చేసినందుకు పట్టపుటేనుగునూ మావటీలనూ గొడ్డలితో నరుకుతాడు. కోట్పులి సొంత చుట్టాలనే వదలడు. ఇటు చూస్తే మెత్తని వంకాయల కథ జరిగింది కన్నడ సీమలోని కల్యాణ కటకంలో. దయను భాషలవారీగా పంచే లెక్క రెండు వైపులా చెడింది.

నా వాదన ఇది: దెబ్బ ఎవరికి తగిలిందన్నదే సోమన చూసేది, కొట్టినవాడెవడన్నది కాదు. బిజ్జలుడి ఘట్టాన్ని ఆసాంతం చదివితే ఇది తెలుస్తుంది. బసవడి చేతిలోని బొక్కసం సొమ్మంతా జంగాల పాలవుతోందని కొందరు కొండేలు చెబితే రాజు బసవణ్ని నిలదీస్తాడు. బసవడు లెక్క అప్పజెబుతాడు, మహిమ చూపుతాడు, మళ్లీ కొలువుకే వస్తాడు. రాజు అనుమానాలు అంతటితో ఆగవు. బసవడి ఓర్పూ తరగదు. అల్లయ, మధువయ అనే భక్తుల కళ్లు రాజు తీయించాక మాత్రం కథ తిరుగుతుంది. రాజును దండించే బాధ్యత జగద్దేవుడనే భక్తుడికి అప్పగించి బసవడు కప్పడి సంగమేశ్వరం దారి పడతాడు. జగద్దేవుడు ఆ పని చేయకుండానే ఇంటికెళ్లి భోజనానికి కూర్చుంటే, తల్లి కుక్కకు పెట్టినట్టు పెడుతుంది. ఆ ఇంట్లో ఎవరికీ రాజుతో సొంత పగ లేదు. తన దెబ్బ ఓర్చుకో, తోటి భక్తుడి దెబ్బ ఓర్చుకోకు అన్న ఒకే నియమం దొంగల దగ్గరా పనిచేసింది, బిజ్జలుడి దగ్గరా పనిచేసింది.

విష్ణువును పొగిడిన పౌరాణికుణ్ని చంపిన కక్కయ్య కథ ఈ నియమానికి లొంగదు, నిజమే.

తన దెబ్బ ఓర్చుకుని ఇతరులను కాయాలన్న ఈ నియమం ఒక్క కవిది కాదు, కాకతీయుల ఓరుగల్లులోనూ దీని పోలిక కనిపిస్తుంది. గణపతిదేవుడు యువకుడిగా యాదవులకు బందీగా చిక్కాడు. 1199 ప్రాంతంలో యాదవ రాజు జైతుగి అతణ్ని విడిచి రాజ్యానికి పంపాడు. అలా బతికి వచ్చిన రాజే 1244లో మోటుపల్లిలో అభయశాసనం వేయించాడు: తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారనీ, తాను సుంకమే తీసుకుంటాననీ. రుద్రమదేవి కాలపు 1261 మల్కాపురం శాసనం సత్రంలో బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా అందరికీ అన్నం పెట్టమంటుంది. పరాయివాడికి కాపు కాయడమే ఈ శాసనాల్లో కనిపించే రాజధర్మం. సోమన ఊరుగా చెప్పే పాలకుర్తి ఓరుగల్లుకు మరీ దూరం కాదు. బిజ్జలుడి కథను సోమన కల్యాణం వాళ్ల కోసం కాక కాకతీయుల కొలువు వినడానికే అంత విస్తరించాడేమోనన్నది నా ఊహ మాత్రమే.