సూదంటురాయియు కాలికట్టును

శరీరమున గ్రుచ్చుకొన్న ఇనుపములుకు కొక్కెములు లేనిదై, వదులుగా నుండి, గాయపు నోరు వెడల్పైనచో దానిని అయస్కాంతముతో లాగవచ్చునని సుశ్రుతుడు శల్యాపహరణ విధులలో చెప్పియున్నాడు. సూదంటురాతికి వైద్యులప్పగించిన పనులలో ఇంత నిక్కమైనది నాకు మరియొకటి కానరాదు. చిక్కంతయు ములుకు లేనిచోట రాతిని పెట్టుటతో మొదలైనది.

1774లో వియన్నా నగరమున హెల్ అను జెసూట్ ఖగోళవేత్త చేయించి యిచ్చిన అయస్కాంతములను రోగుల దేహములపై నుంచి ఖ్యాతి గడించిన మెస్మర్ అను వైద్యుడు, పిమ్మట శక్తి తనలోనే యున్నదని చెప్పి రాతిని విడిచెను. 1784లో ఫ్రాంక్లిన్, లవోయిజియే మొదలగువారి సంఘము ఆ శక్తి రోగుల ఊహయేయని తేల్చెను. అయినను ఆశ చావలేదు. 1796లో అమెరికాలోని కనెక్టికట్టున పెర్కిన్స్ అను వైద్యుడు రెండు చిన్న లోహపుకడ్డీలకు పేటెంటు పొందెను. అవి అయస్కాంతములు కావు గాని వాటి దాయాదులే. నొప్పియున్నచోట వాటితో నిమిరిన చాలునట! లండనులో జత వెల అయిదు గినీలు.

1799లో బాత్ పట్టణపు ఆసుపత్రిలో హేగార్త్ అను వైద్యుడు అచ్చముగ ఆ కడ్డీలవలెనే చెక్కతో చేయించి, లోహపు రంగు పూయించి, దీర్ఘకాలపు కీళ్లవాతమున్న అయిదుగురిని వాటితో నిమిరించెను. నలుగురు ఉపశమించినదనిరి. మరునాడు అసలు కడ్డీలతో నిమిరినను ఫలమంతే.

ఆ బాత్‌కు కూతవేటు కాకున్నను ఒక పూట నడకలో నున్న బ్రిస్టలులో, 1797లోనే, బేన్టన్ అను శస్త్రవైద్యుడు కాలిపుండ్లకు జిగురుపూసిన గుడ్డపట్టీలను కాలిచుట్టు బిగించి, పైన కట్టుకట్టి, రోగిని మంచమెక్కింపక నడిపించుట మేలని గ్రంథము వెలువరించియుండెను. కాలి సిరలలోని కవాటములు వదులైనపుడు, పైకి పోవలసిన రక్తము క్రిందికి జారి నిలిచి, పాదము వాచి, చీలమండపై చర్మము నల్లబడి, తుదకు పుండగును. బయటినుండి బిగింపు, లోపలినుండి పిక్కకండరపు పిండుడు కలిసి దానిని మరల పైకెక్కించును. గినీలు తేని ఈ గుడ్డపేలికను గూర్చి లోకము పెర్కిన్సును గూర్చినంత మాటలాడలేదు.

రక్తమున ఇనుమున్నది కదా, రాయి లాగదా యని అడుగుదురు. ఆ ఇనుము ములుకువంటిది కాదు. హీమోగ్లోబినులో పరమాణువులుగ బంధింపబడియున్నది. ప్రాణవాయువు విడిచిన హీమోగ్లోబిను అయస్కాంతమువైపు కొద్దిగ మొగ్గుననియు, ప్రాణవాయువును మోయునది కొద్దిగ వికర్షింపబడుననియు 1936లో పౌలింగ్, కోరియెల్ అను రసాయనశాస్త్రజ్ఞులు నిరూపించిరి. ఆ మొగ్గు ఎంత స్వల్పమనగా, ఎమ్మారై యంత్రపు మహాయస్కాంతమున పడుకొన్నవాని రక్తము సైతము తన దారిని తాను పోవుచునే యుండును.

మా వీధిలో క్షౌరశాల నడుపు పెద్దాయనకు ముప్పదియేండ్లు నిలుచుండి పనిచేయుటచే కాళ్లలో సిరలు వానపాములవలె ఉబ్బినవి. తిరునాళ్లలో అయస్కాంతపు బిళ్లలు కుట్టిన బిగుతు మేజోడు కొని తొడిగి, వాపు తగ్గినదని సంబరపడెను. ఏడాదిలో ఉతుకులకు బిళ్లలన్నియు ఊడిపోయినవి, మేజోడు మాత్రము మిగిలినది. ఇప్పటికిని అదే తొడుగుచున్నాడు. నేను బిళ్లల సంగతి ఎత్తగా, కత్తి నూరుచునే, “బిళ్లలు పోయినా, వాటి లాగే గుణం మేజోటికి అంటుకుందండి,” అన్నాడు.