‘లేడీ వాయిస్’కి పేరుండదా?

డాన్సు పాటల చరిత్రని ఇప్పటిదాకా ఎక్కువగా యంత్రాల వైపు నుంచీ, ఆ యంత్రాల ముందు నిలబడ్డ మగవాళ్ళ వైపు నుంచీ రాశారు. ఏ డ్రమ్ మెషీన్ ఏ సంవత్సరంలో వచ్చింది, ఏ డీజే ఏ రికార్డుని దేనితో కలిపాడు, ఏ క్లబ్బులో ఏ శైలి పుట్టింది... ఇదే ఆ చరిత్ర. కానీ ఆ పాటల్లో జనాన్ని కూర్చున్నచోటు నుంచి లేపే గొంతు చాలాసార్లు ఒక స్త్రీది. ఆమె ఎవరు, ఆమెకి దక్కిందేమిటి అన్న ప్రశ్న పేజీ అడుగున చిన్న అక్షరాల్లో మిగిలిపోతుంది. ఆ చిన్న అక్షరాలనే ముందు చదవాలని నా ప్రయత్నం.

నేను ఉండేది చోడవరంలో. 2022 దాకా విశాఖపట్నం జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. చెరకు తోటలు, గోవాడ చక్కెర ఫ్యాక్టరీ, స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి... బయటివాళ్ళు మా ఊరిని గుర్తుపట్టేది వీటితోనే. ఇక్కడ కూచుని హౌస్ గురించీ, టెక్ హౌస్ గురించీ రాయడమేమిటని అడగొచ్చు. నిమిషానికి 120 నుంచి 130 దాకా, ఎక్కడా తెగకుండా, సమానంగా పడే బేస్ డ్రమ్ దెబ్బ హౌస్ సంగీతానికి పునాది. వినాయక నిమజ్జనం రోజున మా వీధుల్లో లారీ మీద పేర్చిన డీజే బాక్సుల్లోంచి వచ్చే కొన్ని జానపదాల రీమిక్సుల కింద పరిచి ఉండేది కూడా అలాంటి యంత్రపు దెబ్బే. దాని చరిత్ర తెలియకపోయినా ఆ దెబ్బ మా ఊరి కాళ్ళకి తెలుసు.

ఆ చరిత్ర అమెరికాలోని షికాగోలో మొదలవుతుంది. 1977లో అక్కడ వేర్‌హౌస్ అనే క్లబ్బు తెరిచారు. ఫ్రాంకీ నకిల్స్ అందులో డీజే. అక్కడికి వచ్చి ఆడినవాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో స్వలింగ ప్రేమికులు. బయట ఎక్కడా తమలా తాము బతకలేనివాళ్ళకి ఆ నేల ఒక ఆశ్రయం. హౌస్ అన్న పేరు ఆ క్లబ్బు పేరు నుంచే వచ్చిందంటారు. 1979 జులై 12న అదే నగరంలో ఒక బేస్‌బాల్ మైదానంలో వేలాదిమంది చూస్తుండగా డిస్కో రికార్డులని పేల్చేశారు. పైకి అది ఒక రేడియో వ్యాఖ్యాత చేసిన తమాషా. కానీ పేలిన సంగీతం ప్రధానంగా నల్లవాళ్ళదీ, స్వలింగ ప్రేమికులదీ, స్త్రీలదీ. ఆ రోజు ఆ మైదానంలో జనానికి సీట్లు చూపించే పనిలో ఉన్న విన్స్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రాడు, 1984లో జెస్సీ సాండర్స్‌తో కలిసి ‘ఆన్ అండ్ ఆన్’ రాశాడు. మొదటి హౌస్ రికార్డుగా చాలామంది చెప్పేది దాన్నే. కాల్చేశామనుకున్న సంగీతం ఐదేళ్ళలో మరో పేరుతో లేచి నిలబడింది.

అణచివేతకి ఎదురునిలిచిన ఈ సంగీతం లోపల ఇంకో అణచివేత ఉంది. లొలీటా హోలోవే 1980లో ‘లవ్ సెన్సేషన్’ అనే పాట పాడింది. తొమ్మిదేళ్ళ తర్వాత ఇటలీకి చెందిన బ్లాక్ బాక్స్ బృందం ఆమె గొంతుని ముక్కలు కోసి ‘రైడ్ ఆన్ టైమ్’ తయారుచేసింది. 1989లో బ్రిటన్‌లో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడుపోయిన సింగిల్ అదే. వీడియోలో మాత్రం ఒక మోడల్ పెదవులు కదిపింది. మార్తా వాష్ సంగతీ అంతే. బ్లాక్ బాక్స్ పాటలకీ, 1990లో వచ్చిన సి అండ్ సి మ్యూజిక్ ఫ్యాక్టరీ పాటకీ గొంతు ఆమెది, తెర మీద దేహం మరొకరిది. ఆమె లావుగా ఉండడమే ఆమెని దాచడానికి కారణం. గొంతు కావాలి, ఆ గొంతున్న ఒళ్ళు వద్దు! మార్తా వాష్ ఊరుకోలేదు, కోర్టుకెక్కింది. ఆ పాట వీడియోలో గాయనిగా ఆమె పేరు వేయాల్సి వచ్చింది.

1990లలో లండన్‌లో టెక్ హౌస్ రూపుదిద్దుకుంది. హౌస్‌లోని ఊపుకి డెట్రాయిట్ టెక్నోలోని పొదుపు తోడయింది. ఈ పొదుపులో గొంతు ఇంకా చిక్కిపోయింది. పల్లవి పోయి ఒక మాట మిగిలింది, ఒక్కోసారి అర మాట. ఇప్పుడు వారం వారం విడుదలయ్యే కొత్త టెక్ హౌస్ పాటల వివరాలు చూడండి. నిర్మాత పేరు, రీమిక్స్ చేసినవారి పేరు, లేబుల్, వేగం, శ్రుతి అన్నీ ఉంటాయి. గొంతు శాంపిల్ ప్యాకుల్లోంచి కొన్నదైతే ఆ స్త్రీ పేరు చాలాసార్లు ఉండదు. ఒకసారి డబ్బు తీసుకుని పాడిన నాలుగు మాటలు ఎన్ని పాటల్లో తిరుగుతున్నాయో ఆమెకే తెలియకపోవచ్చు.

ఇది ఎక్కడో అమెరికాలో, ఐరోపాలో జరిగిన కథ మాత్రమే కాదు. 1902లో కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీకి పాడిన గౌహర్ జాన్ పాట చివర తన పేరు తానే ఇంగ్లీషులో ప్రకటించేది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. ఏ పాట ఎవరిదో అక్కడి పనివాళ్ళకి తెలియడానికి పెట్టిన ఏర్పాటది. కారణం ఏదైనా, ఈ దేశపు తొలి రికార్డుల్లో ఒక స్త్రీ తన గొంతుతో తన పేరు చెప్పుకుంది. తొలితరంలో రికార్డులకి పాడిన స్త్రీలలో ఎక్కువమంది తవాయిఫులూ, దేవదాసీ కుటుంబాలవాళ్ళూ. ‘గౌరవనీయ’ కుటుంబాల ఆడవాళ్ళు గొంతు బయటపెట్టని రోజులవి.

మన కోస్తా జిల్లాల్లో పెళ్ళిళ్ళకీ వేడుకలకీ ఆడిన మేళాలు కళావంతుల స్త్రీలవే. 1947 నాటి మద్రాసు చట్టం దేవదాసీ అంకితాన్ని నిషేధించింది. 1956లో ఆంధ్రలో తెచ్చిన సవరణ పెళ్ళిళ్ళలోనూ ఇతర వేడుకల్లోనూ మేళం ఆడడాన్ని కూడా నేరం చేసింది. అంకితం పేరుతో జరిగిన దోపిడీ నిజం. దాన్ని ఆపాలని ఆ స్త్రీలలోంచే కొందరు పోరాడారు, అదీ నిజం. కానీ దోపిడీతో పాటు ఆట కూడా పోయింది. చూసిన మగవాళ్ళకి ఏ శిక్షా లేదు. ఆడిన ఆడవాళ్ళ బతుకుతెరువు మాత్రం పోయింది.

ఖాళీ అయిన వేదిక ఎంతోకాలం ఖాళీగా ఉండలేదు. జాతరల్లో, తీర్థాల్లో రికార్డింగ్ డాన్సులు వచ్చాయి. సినిమాలో క్లబ్బు పాటకి గొంతు ఎల్.ఆర్. ఈశ్వరిది. 1973లో వచ్చిన ‘దేవుడు చేసిన మనుషులు’లో ఆమె పాడిన పాట తెలియని తెలుగువాళ్ళు అరుదు. తెర మీద దేహం జ్యోతిలక్ష్మిదో జయమాలినిదో అయ్యేది. మా వైపు తీర్థంలో, అర్ధరాత్రి, బల్లలు పరిచిన వేదిక మీద అలాంటి పాటకి ఆడేది ఇంకొక అమ్మాయి. ఒక్క పాటకి ముగ్గురు ఆడవాళ్ళు. మొదటామె పేరు రేడియోలో పాటకి ముందు చెప్పేవారు. రెండో ఆమె పేరు వాల్‌పోస్టర్ మీద ఉండేది. మూడో ఆమె పేరు, పోలీసులు కేసు పెడితే ఆ కాగితం మీద ఉండేది. పేపర్లో అయితే ‘అశ్లీల నృత్యాలు’ అన్న శీర్షికే.

ఇప్పుడు డీజేలు. ఊళ్ళల్లో తిరిగే రీమిక్సులు విన్నవాళ్ళకి తెలుసు, పాట మధ్యలో ఫలానా డీజే, ఫలానా ఊరు అని పదే పదే ఒక మగగొంతు మోగుతుంది. గౌహర్ జాన్ చేసిన పనే అది, కానీ ఇప్పుడు పేరు చెప్పుకుంటున్నది పాడినవాళ్ళు కాదు. మా వీధిలో డీజే నడిపే ఒక కుర్రాణ్ణి, “ఈ పాట ఎవరు పాడారు బాబూ?” అని అడిగాను. లాప్‌టాప్ వైపు చూసి, “ఎవలో తెల్దు మేడమ్, లేడీ వాయిస్ అని ఉంది,” అన్నాడు. అతని తప్పేం లేదు. అతనికి అందిన ఫైలు మీద ఉన్నదే చదివాడు.

పేరు అడిగితే ఏం జరుగుతుందో 2021లో చూశాం. ‘లవ్ స్టోరీ’ సినిమాలో మంగ్లీ పాడిన ‘సారంగదరియా’ ఊరూరా మోగింది. సుద్దాల అశోక్ తేజ రాసిన ఆ పాటకి మూలమైన జానపదాన్ని అంతకుముందే ‘రేలా రె రేలా’ టీవీ కార్యక్రమంలో పాడిన కోమలి, తన మాటేమిటని నిలదీసింది. చర్చ జరిగాక దర్శకుడు ఆమె పాత్రని బహిరంగంగా గుర్తించాల్సి వచ్చింది. ఆమె కంటే ముందు నాట్లల్లో, కలుపుల్లో ఆ పాటని బతికించిన ఆడవాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

గొంతుది ఒక కథయితే కాళ్ళది మరొకటి. చోడవరం నుంచి మాడుగుల మీదుగా పాడేరు ఘాటీ ఎక్కితే ధింసా ఆడే ఊళ్ళు వస్తాయి. అక్కడ ఆడవాళ్ళు ఒకరి వీపు వెనక ఒకరు చేతులు కలిపి, గొలుసుగా కదులుతారు. మోరి, డప్పు వాయించేది మగవాళ్ళే, నేల మాత్రం స్త్రీలది. ఘాటీ దిగువన మా ఊళ్ళో ఆడగొంతు వీధి అదిరేలా మోగుతుంటే ఆడేది మగపిల్లలు. ఆడపిల్లలు మేడ మీంచి చూస్తారు. ఈమధ్య పెళ్ళిళ్ళలో హల్దీ, సంగీత్ వచ్చాక ఫంక్షన్ హాల్లో వాళ్ళూ ఆడుతున్నారు. ఈ కొత్త ఆచారాల ఖర్చూ ఆర్భాటమూ నాకు నచ్చవు. కానీ అత్తగారి ముందు, మరుదుల ముందు, నలభై దాటిన కోడళ్ళు కొంగు బిగించి ఆడడం నేను చూశాను. ఆ గంటసేపు వాళ్ళ ముఖాల్లో కనబడేదాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. అయితే ఆ నేలకి నాలుగు గోడలున్నాయి. వీధి ఇంకా వాళ్ళది కాలేదు.

మన సాహిత్యంలో మరుగునపడ్డ రచయిత్రుల పేర్లు వెతికి తీయడం మనకి కొత్త కాదు. బెంగళూరు నాగరత్నమ్మ పూనుకోకపోతే ముద్దుపళని ‘రాధికాసాంత్వనం’ 1910లో పూర్తిగా అచ్చయ్యేది కాదు. ఆ పని పాటకీ ఆటకీ కూడా చేయాలి. మీ ఊళ్ళో డీజే బాక్సుల్లో మోగుతున్న జానపదాన్ని ముందుగా పాడినవాళ్ళు ఇంకా బతికే ఉండొచ్చు. రికార్డింగ్ డాన్సుల్లో ఆడిన స్త్రీలు యాభయ్యో అరవయ్యో ఏళ్ళ వయసులో పక్క వీధిలోనే ఉండొచ్చు. వాళ్ళ దగ్గరికి వెళ్ళి, వాళ్ళకిష్టమైతే, వాళ్ళు కోరుకున్న పేరుతో వాళ్ళ మాట రాసుకుందాం.