ఫారాబీ చూచిన ప్రజాస్వామ్య నగరం

క్రీ.పూ. 431లో స్పార్టాతో మొదలైన యుద్ధం 27 ఏళ్ళు సాగి, 404లో ఏథెన్సు ఓటమితో ముగిసింది. మరో ఐదేళ్ళకు ఆ నగరపు న్యాయసభే ఓట్లు లెక్కించి సోక్రటీసుకు మరణశిక్ష విధించింది. ఆయన శిష్యుడు ప్లేటో (అరబ్బుల అఫ్లాతూన్) ప్రజాస్వామ్యాన్ని నిరంకుశత్వానికి ఒక్క మెట్టు పైన మాత్రమే నిలిపాడు.

ఈ రాజనీతి అరబ్బీలోకి వచ్చిన తీరు విచిత్రమైనది. అరిస్టాటిల్ రాజనీతి గ్రంథం తనకు చేరనందున ఇబ్నె రుష్ద్ అంతటివాడు ప్లేటో గ్రంథానికే వ్యాఖ్య వ్రాశాడు. అంతకు ముందే, బాగ్దాదులో తత్త్వశాస్త్రం అభ్యసించిన ఫారాబీ (మరణం క్రీ.శ. 950) ప్లేటో బాటలో ఆదర్శ నగరాన్ని వర్ణించాడు. అయితే గుడ్డిగా అనుసరించలేదు. ప్రజాస్వామ్య నగరాన్ని అజ్ఞాన నగరాల్లోనే చేర్చినా, మంచీ చెడూ రెండూ మిగతా నగరాలకంటె అక్కడే ఎక్కువగా పెరుగుతాయనీ, కాలక్రమాన జ్ఞానులు, వక్తలు, కవులు అందులో పుట్టవచ్చుననీ అన్నాడు. సోక్రటీసును చంపిన నగరమే ఆయనను కన్నది కదా!

ఈ మాటలున్న ‘అస్సియాసాతుల్ మదనియ్య’ను దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ హిజ్రీ 1346 (1927)లో అచ్చువేసింది. అప్పటికి హైదరాబాదులో నడుస్తున్నది నిజాం రాజరికం.