రాయ్‌పూర్‌లో పుస్తకం దాకా దారి

రాయ్‌పూర్‌లో ఆనంద సమాజ్ వాచనాలయం 1908లోనే వెలిసింది, మన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పుట్టిన ఏడేళ్లకు. పత్రికలు చదువుకునే పట్టణవాసికి అది చాలింది గానీ, డిగ్రీ చదివేవాడికి చాలలేదు. 1938లో ఛత్తీస్‌గఢ్ కాలేజీ వచ్చింది. వ్యవస్థాపక ప్రిన్సిపాల్ జె. యోగానందం పేరు ఇప్పటికీ దానికి ఉంది. కాలేజీ అయితే వచ్చింది, విశ్వవిద్యాలయం మాత్రం నాగ్‌పూర్‌లోనే. 1946లో సాగర్‌లో విశ్వవిద్యాలయం పెట్టాక అనుబంధం అటు మారింది. రెండూ రాయ్‌పూర్‌కి దూరమే. సిలబస్ వేసేదీ, పేపర్లు దిద్దించేదీ, పెద్ద గ్రంథాలయం ఉండేదీ ఎక్కడో పరాయి ఊళ్లోనే.

1964 మే 1న రాయ్‌పూర్‌కే విశ్వవిద్యాలయం దక్కింది. మధ్యప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి రవిశంకర్ శుక్లా పేరు దానికి పెట్టారు. భాషాశాస్త్రవేత్త బాబూరామ్ సక్సేనా మొదటి ఉపకులపతి. గ్రంథాలయానికి పండిత సుందర్‌లాల్ శర్మ పేరు పెట్టారు. రాజిమ్‌లోని రాజీవలోచన ఆలయంలోకి దళితులకు ప్రవేశం కావాలని పోరాడిన మనిషి ఆయన. గ్రంథాలయానికి ఇంతకంటే తగిన పేరు నాకు తోచదు.

కానీ దూరం తీరలేదు, చోటు మారిందంతే. 2008లో బస్తర్ విశ్వవిద్యాలయం వచ్చేదాకా జగదల్‌పూర్ కాలేజీలూ రాయ్‌పూర్ కిందే ఉండేవి. నాగ్‌పూర్ రాయ్‌పూర్‌కి సుమారు మూడు వందల కిలోమీటర్లు. రాయ్‌పూర్ జగదల్‌పూర్‌కి కూడా దాదాపు అంతే, అదీ కేశకాల్ ఘాటీ ఎక్కి దిగి. రిఫరెన్స్ ముద్ర పడిన పుస్తకం ఇంటికివ్వరు, అక్కడే కూర్చుని నోట్సు రాసుకోవాలి. జగదల్‌పూర్ నుంచి బస్సెక్కి వచ్చిన పిల్లకి సాయంత్రం తిరుగు బస్సు ఉంటుంది. గ్రంథాలయం ఎంత గొప్పదో దాని అలమరాలను బట్టి కాదు, అందరికంటే దూరాన ఉన్న ఆ పిల్లను బట్టి చూడాలని నేను గట్టిగా నమ్ముతాను.

భాష ఇంకో అడ్డు. మనకు 1968లో తెలుగు అకాడమీ వచ్చినట్టే, అప్పటికి రాయ్‌పూర్ కూడా ఉన్న మధ్యప్రదేశ్‌లో 1969లో హిందీ గ్రంథ అకాడమీ పెట్టి డిగ్రీ స్థాయి పుస్తకాలు హిందీలో రాయించారు. కొనగలిగే ధరలో, తెలిసిన భాషలో పాఠం చేతికొచ్చింది. ఆపై మెట్టు, అంటే పరిశోధన, ఇంగ్లీషులోనే ఉండిపోయింది.

జిరాక్సు యంత్రం వచ్చాక ఒక అధ్యాయం కోసం పుస్తకమంతా కొనే అవసరం తప్పింది. ప్రచురణకర్తలు ఢిల్లీ విశ్వవిద్యాలయం మీదా, అక్కడి జిరాక్సు దుకాణం మీదా వేసిన కేసులో, పాఠానికి కావలసిన భాగాలు నకలు తీయడం తప్పు కాదని 2016లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. బీద విద్యార్థి పక్షాన వచ్చిన ఇంత మంచి తీర్పును మన క్యాంపస్‌లలో తగినంతగా చెప్పుకోలేదు.

1991లో మొదలైన ఇన్‌ఫ్లిబ్‌నెట్ విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కంప్యూటర్లతో కలిపింది. దేశంలోని పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలో ఎవరికైనా ఉచితంగా దొరుకుతున్నాయి. జర్నళ్ల సంగతి వేరు. చందా కట్టిన సంస్థ నెట్‌వర్క్‌లో ఉన్నంతసేపూ వ్యాసం తెరుచుకుంటుంది. గేటు దాటి ఇంటికి పోయాక అదే వ్యాసానికి డాలర్లలో ధర అడుగుతుంది, ఇంటి నుంచి చూసేందుకు వేరే లాగిన్ ఇస్తే తప్ప. అడవీ ఘాటీ లేకపోయినా ఇదీ దూరమే.

2018లో రాయ్‌పూర్ నగరంలో రాత్రింబవళ్లు తెరిచి ఉండే గ్రంథాలయం, నలందా పరిసర్ వచ్చింది. ఇరుకు గదుల్లో చదువుకునే పిల్లలకు కుర్చీ, దీపం, నిశ్శబ్దం దొరికాయి.

జర్నళ్ల అడ్డు తగ్గించేందుకు 2024 నవంబరులో కేంద్రం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ అనే ఉమ్మడి చందా పథకానికి ఆమోదం తెలిపింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు, 6,300కు పైగా ప్రభుత్వ సంస్థలు. దీంతో బస్తర్ ప్రభుత్వ కాలేజీకి, రాయ్‌పూర్ విశ్వవిద్యాలయానికి ఒకే జర్నళ్ల జాబితా అందుతుంది. ప్రైవేటు కాలేజీల విద్యార్థులు మాత్రం బయటే ఉండిపోయారు, వాళ్లనూ చేర్చాలి. ఆ జర్నళ్లలో హిందీకి చోటు దాదాపు లేదు గనక, 1969లో పాఠ్యపుస్తకాలకు చేసినట్టు పరిశోధన వ్యాసాలను హిందీలోకి తెచ్చే పనికీ ప్రభుత్వం డబ్బు పెట్టాలి.