రెండు పిట్టల కథ

ఒక యాప్ చూస్తుండగానే లోకమంతా వ్యాపిస్తే, అది ప్రచార నైపుణ్యమా, అదృష్టమా? ప్రశ్న కొత్తదే గానీ వాదం పాతది. దైవం గొప్పదా, పురుషకారం గొప్పదా అని మహాభారతంలోనే తర్కించుకున్నారు. తీర్పు చెప్పడం నా తరం కాదు. ఇటీవలి చరిత్రలోంచి రెండు పిట్టలను మాత్రం సాక్ష్యానికి పిలుస్తాను.

మొదటిది ఫిన్లాండు పిట్ట. 2003లో కొందరు విద్యార్థులు స్థాపించిన రోవియో సంస్థ 51 ఆటలు తయారుచేసి, 2009 నాటికి దివాలా అంచుకు చేరింది. 52వ ఆట యాంగ్రీ బర్డ్స్. 2009 డిసెంబరులో ఐఫోనుకు విడుదలైనప్పుడు పెద్ద దేశాల్లో దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. రోవియోవారు చిన్న దేశాల మీద దృష్టి నిలిపారు. ఫిన్లాండు, స్వీడన్ వంటి చోట్ల కొద్దిపాటి అమ్మకాలతోనే జాబితా పైకి ఎక్కవచ్చు. అలా సంపాదించిన పేరుతో, ప్రచురణకర్త చిల్లింగో ద్వారా ఆపిల్ సంస్థను మెప్పించారు. 2010 ఫిబ్రవరిలో బ్రిటన్ యాప్ స్టోరు ఆ ఆటను ప్రముఖంగా చూపింది. వెంటనే అక్కడ అగ్రస్థానం దక్కింది. పురుషకారానికి ఇంతకన్న నిదర్శనమేముంది?

రెండవది వియత్నాం పిట్ట. హనోయి నగరంలో న్గుయెన్ హా డాంగ్ అనే యువకుడు ఒంటరిగా, కొద్దిరోజుల్లో తయారుచేసిన ఫ్లాపీ బర్డ్ 2013 మే నెలలో విడుదలైంది. ప్రచారమన్నది లేదు. నెలల తరబడి మరుగున పడి ఉన్న ఆట 2014 జనవరిలో అమెరికాలో ఉచిత యాప్‌లన్నిటినీ దాటిపోయింది. ప్రకటనల మీద రోజుకు సుమారు 50,000 డాలర్లు వస్తున్నాయని అప్పట్లో ఆయనే చెప్పారు. దైవపక్షం గెలిచినట్టే కదా!

తొందరపడవద్దు. ఇద్దరూ మళ్ళీ ప్రయత్నించారు. అప్పటికి ప్రపంచమెరిగిన రోవియో 2012లో అమేజింగ్ అలెక్స్ విడుదల చేసింది. పేరుబలంతో పైకి వెళ్ళిందే గానీ నిలవలేదు. డాంగ్ 2014 ఆగస్టులో స్వింగ్ కాప్టర్స్ తెచ్చారు. దానికీ పాత వైభవం రాలేదు. ప్రచారమే కారణమైతే మొదటివారు, అదృష్టజాతకమే కారణమైతే రెండవవారు మళ్ళీ గెలవాలి కదా?

నాకు తోచేది ఇది. ప్రచారం మనిషిని గడప దాకా తీసుకువస్తుంది. ఏ రోజున ఎందరు వస్తారన్నది అదృష్టం. వచ్చినవాడు ఓడిపోయి కూడా "ఇంకొక్కసారి" అనుకోవడం మాత్రం ఆటలోని గుణం. ఆ గుణం ఉన్నదో లేదో తయారుచేసినవాడికీ ముందు తెలియదు. అందుకే గెలిచిన 52వ ఆటకన్న, మనం పేర్లు కూడా ఎరుగని ఆ 51 ఆటలే అసలు చరిత్ర అనిపిస్తుంది. విజయం తరువాత వ్రాసే కారణాల్లో వాటికి చోటుండదు.

ఇక డాంగ్. ఆట జనానికి వ్యసనమైందని, తన ప్రశాంతత పోయిందని బాధపడి, 2014 ఫిబ్రవరిలో ఫ్లాపీ బర్డ్‌ను తానే తొలగించారు. వచ్చిన అదృష్టం ఆయన చేతిలోది కాదు. వద్దనడం మాత్రం ముమ్మాటికీ పురుషకారమే.