పద్నాలుగేళ్లు దాటాక: అమెరికాలో ఇంటి చదువు చరిత్ర

అమెరికాలో పిల్లలకు ఇంట్లో చదువు చెప్పుకునే అలవాటు బడి కన్నా పాతది. 1642లో మసాచుసెట్స్ వలస ప్రభుత్వం చేసిన చట్టం పిల్లలకు చదవడం నేర్పే బాధ్యతను తల్లిదండ్రుల మీద, వాళ్లను పనిలో పెట్టుకున్న యజమానుల మీద ఉంచింది. ఊళ్లలో ఉపాధ్యాయుణ్ణి నియమించాలన్న చట్టం 1647లో, ఐదేళ్లు ఆలస్యంగా వచ్చింది. అక్షరాలు, బైబిలు, కూడికలు తీసివేతలు ఇంటి పెద్దలు నేర్పేవారు. మీసాలు మొలిచే వయసు వచ్చేసరికి మగపిల్లలు ఏదో ఒక వృత్తిలో కుదురుకునేవారు, ఆడపిల్లలు ఇంటిపని, నూలుపని నేర్చేవారు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ బడి చదువు పదేళ్లకే ముగిసింది. పన్నెండో ఏట అన్నగారి అచ్చుకూటంలో పనికి కుదిరి, అక్కడ చేతికందిన పుస్తకాలతో తన చదువు తానే సాగించాడు.

ఈ పద్ధతి పంతొమ్మిదో శతాబ్దంలో మారింది. 1852లో మసాచుసెట్స్ నిర్బంధ విద్యా చట్టం తెచ్చింది. ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ఏడాదికి పన్నెండు వారాలు బడికి వెళ్లాలని అందులో ఉంది. మిగతా రాష్ట్రాలు ఒకటొకటిగా అదే దారి పట్టాయి. 1918లో మిసిసిపీ చేరడంతో దేశమంతటా ఆ చట్టం వచ్చినట్టయింది. అయితే పద్నాలుగు దాటిన వాళ్ల సంగతి చాలాకాలం చట్టానికి పెద్దగా పట్టలేదు. 1910 ప్రాంతంలో పద్దెనిమిదేళ్ల వాళ్లలో నూటికి తొమ్మిదిమందే హైస్కూలు పూర్తిచేసేవారు. 1940 నాటికి ఆ లెక్క సుమారు సగానికి చేరింది. ఈ ముప్పై ఏళ్లలోనే అమెరికాలో టీనేజీ అంటే హైస్కూలు అన్న భావన స్థిరపడింది.

హైస్కూలుతోపాటు చదువును గంటలతో కొలిచే లెక్క కూడా వచ్చింది. కార్నెగీ ఫౌండేషన్ కళాశాల ఆచార్యులకు పింఛన్లు ఇవ్వదలచి, ఏది కళాశాలో ఏది కాదో తేల్చుకోవడానికి 1906లో ఒక ప్రమాణం పెట్టింది. ఒక విషయాన్ని ఏడాదిలో 120 గంటలు చదివితే ఒక యూనిట్ అవుతుంది. కళాశాలలో చేరాలంటే ఇన్ని యూనిట్లు ఉండాలి. పెద్దల పింఛను కోసం పుట్టిన ఈ కొలత పిల్లల చదువును శతాబ్దానికి పైగా శాసిస్తూ వచ్చింది. ఇంట్లో చదివే పదహారేళ్ల పిల్లకు మార్కుల జాబితా తయారుచేసే తల్లి ఈనాటికీ జీవశాస్త్రం ఎన్ని గంటలు చదివించానో లెక్క రాసుకుంటుంది.

బడికి దూరంగా బతికే కుటుంబాలకు తొలి ఆసరా తపాలా. బాల్టిమోర్‌లో 1897లో మొదలైన కాల్వర్ట్ స్కూలు 1906 నుంచి పాఠాలను పెట్టెల్లో సర్ది పంపసాగింది. విదేశాల్లో ఉన్న మిషనరీలు, రాయబారులు, మారుమూల ప్రాంతాల కుటుంబాలు వాటిని తెప్పించుకునేవారు. ఏ రోజు ఏ పాఠం చెప్పాలో, ఏం అడగాలో అందులో వరసగా రాసి ఉండేది. అయితే ఆ పాఠాలు ఎనిమిదో తరగతితో ఆగిపోయేవి. ఆపై తరగతుల కోసం 1929లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయం తపాలా ద్వారా హైస్కూలు చదువు ప్రారంభించింది. బీజగణితం, రసాయన శాస్త్రం ఇంట్లో చెప్పడం అందరు తల్లులకూ సాధ్యంకాదని, పెద్ద పిల్లల చదువుకు బయటి చెయ్యి అవసరమని అప్పటికే తెలిసివచ్చింది.

పిల్లల చదువు ప్రభుత్వానిదా, తల్లిదండ్రులదా అన్న వాదం 1920లలో న్యాయస్థానానికెక్కింది. పిల్లలంతా ప్రభుత్వ బడికే వెళ్లాలని ఆరెగాన్ రాష్ట్రం 1922లో చట్టం చేస్తే, 1925లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. చదువు తప్పనిసరి అనే అధికారం ప్రభుత్వానికి ఉంది కానీ, ఎక్కడ చదవాలో ఎంచుకునే హక్కు తల్లిదండ్రులదేనని తేల్చింది. ఇంటి చదువు ప్రస్తావన ఆ కేసులో లేకపోయినా, తర్వాత వచ్చిన వాదాలన్నీ ఆ తీర్పునే పునాదిగా చేసుకున్నాయి.

టీనేజీ పిల్లల విషయంలో అంతకన్నా ముఖ్యమైనది విస్కాన్సిన్ రాష్ట్రంలో న్యూ గ్లారస్ అనే చిన్న ఊళ్లో మొదలైన కేసు. అక్కడి ఆమిష్ రైతులు పిల్లలను ఎనిమిదో తరగతి వరకే బడికి పంపేవారు. పదహారేళ్లు నిండేదాకా బడిలో ఉండాలని రాష్ట్ర చట్టం. హైస్కూలు పోటీని, డాబును నేర్పుతుందని, తమ పిల్లలకు కావలసిన పొలంపని, వడ్రంగం, ఇంటి నిర్వహణ, తోటివారికి సాయపడే గుణం తమ మధ్యనే అలవడతాయని వాళ్ల నమ్మకం. ముగ్గురు తండ్రులకు తలా ఐదు డాలర్ల జరిమానా పడింది. ఆ ఐదు డాలర్ల వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1972 మే 15న తండ్రుల పక్షాన తీర్పు వచ్చింది. ఎనిమిదో తరగతి తర్వాత ఆమిష్ సమాజం ఇచ్చే పని చదువు వాళ్ల జీవితానికి సరిపోతుందని, మత స్వేచ్ఛ ముందు ఆ ఒకటి రెండేళ్ల హైస్కూలు నిలవదని న్యాయమూర్తులు భావించారు.

ఆ తీర్పులో న్యాయమూర్తి విలియం డగ్లస్ కొంతమేరకు విభేదించాడు. తండ్రి మతం సరే, పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లల మాటేమిటని ఆయన అడిగాడు. ఆ పిల్ల సంగీతకారిణి కావాలనుకోవచ్చు, ఆ పిల్లవాడు అంతరిక్షంలోకి వెళ్లాలనుకోవచ్చు. వాళ్లను అడగకుండా తలుపు మూసేయవచ్చా? ముగ్గురు తండ్రుల్లో ఒకరైన యోడర్ కుమార్తె మాత్రమే తన ఇష్టం కోర్టులో చెప్పింది కనుక, ఆమె మటుకే తీర్పుతో ఏకీభవిస్తానన్నాడు. డగ్లస్ వాదం ఆనాడు నెగ్గలేదు. కానీ ఇంటి చదువు చరిత్ర మొత్తంలో అంతకు మించిన ప్రశ్న లేదు. పాఠాలు ఎంచేది ప్రభుత్వమా, తల్లిదండ్రులా అని పెద్దలు పోట్లాడుకున్నంత కాలం, చదవవలసిన మనిషి అభిప్రాయం పక్కన పడి ఉంది.

అదే దశకంలో రెండు భిన్నమైన దిక్కుల నుంచి కొత్త ఉద్యమం లేచింది. బోస్టన్‌లో జాన్ హోల్ట్ అనే మాజీ ఉపాధ్యాయుడు ఒక వైపు. పిల్లలు తరగతిలో ఎందుకు ఓడిపోతారో వివరిస్తూ 1964లో ఆయన రాసిన పుస్తకం దేశమంతా చదివింది. బడిని బాగుచేయవచ్చన్న ఆశ క్రమంగా పోయి, 1977లో ‘గ్రోయింగ్ వితౌట్ స్కూలింగ్’ పత్రిక మొదలుపెట్టాడు. ఏ అధికారికి ఎలా ఉత్తరం రాయాలి, ఏ ఊళ్లో ఎవరు ఏం నేర్పుతారు వంటి సంగతులతో, పాఠకుల ఉత్తరాలతో అది నిండి ఉండేది. పిల్లల ఆసక్తే సిలబస్ కావాలని హోల్ట్ పట్టుదల. మరో వైపు రేమండ్ మూర్, డొరొతీ మూర్ దంపతులు. చిన్నపిల్లలను తొందరపడి బడిలో వేయవద్దని 1975లో పుస్తకం రాశారు. చదువు, చేతిపని, సేవ మూడూ కలిసి సాగాలని వాళ్లు చెప్పిన మాట క్రైస్తవ కుటుంబాలకు నచ్చింది. 1980లలో ఇంటి చదువు బలగం వేగంగా పెరగడానికి ఆ కుటుంబాలే ప్రధాన కారణం.

చట్టపరమైన పోరు పదిహేనేళ్లు సాగింది. 1983లో హోమ్ స్కూల్ లీగల్ డిఫెన్స్ అసోసియేషన్ ఏర్పడి, చందాదారుల తరఫున కోర్టుల్లో వాదించింది. 1993 నాటికి యాభై రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టబద్ధమైంది. అదే ఏడాది మిషిగన్ సుప్రీంకోర్టు, మత విశ్వాసంతో ఇంట్లో చెప్పే తల్లిదండ్రులకు ఉపాధ్యాయ ధ్రువపత్రం అక్కర్లేదని తీర్పు ఇచ్చింది. అయితే నిబంధనలు అన్నిచోట్లా ఒకటి కావు. టెక్సస్‌లో అధికారులకు తెలియజేయనక్కర కూడా లేదు. న్యూయార్క్‌లో ఏడాది ప్రణాళిక, మూడు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి. ఏడో తరగతి నుంచి ఏడాదికి 990 గంటలు చదివించాలి. పెన్సిల్వేనియా 1988 చట్టం హైస్కూలు ముగించడానికి నాలుగేళ్ల ఇంగ్లిషు, మూడేసి ఏళ్ల గణితం, విజ్ఞానశాస్త్రం, సాంఘిక శాస్త్రం, రెండేళ్ల కళలు ఉండాలంటుంది. ఏడాది చివర పిల్లల రాతపనిని బయటి వ్యక్తి ఒకరు పరీక్షిస్తారు.

హక్కు దొరికాక ఏం చెప్పాలన్న చిక్కు వచ్చింది. చిన్నపిల్లలకు ఏ పుస్తకమైనా సాగుతుంది. పద్నాలుగేళ్ల వయసులో తప్పు ఎంపికకు మూల్యం ఎక్కువ. గణితానికి చాలా ఇళ్లలో జాన్ సాక్సన్ పుస్తకాలు ఉండేవి. వైమానిక దళంలో పనిచేసి విరమించిన ఆయన, రోజుకు కొత్త సంగతి కొంచెం, పాత లెక్కల సాధన ఎక్కువ ఉండేలా వాటిని రాశాడు. పక్కన గురువు లేకపోయినా పిల్లవాడు ముందుకు వెళ్లగలగడం వాటి గొప్పతనం. విజ్ఞానశాస్త్రం మాత్రం వివాదాల చోటు. మతపరమైన ప్రచురణలు పరిణామవాదాన్ని తిరస్కరించడంతో, మతంతో పనిలేని కుటుంబాలు చాలాకాలం కళాశాల పుస్తకాలతో నెట్టుకొచ్చాయి.

1999లో జెస్సీ వైజ్, ఆమె కూతురు సూసన్ వైజ్ బావర్ రాసిన ‘ది వెల్ ట్రెయిన్డ్ మైండ్’ పాత యూరప్ విద్యాక్రమాన్ని తిరిగి ముందుకు తెచ్చింది. చరిత్రను నాలుగేళ్ల చక్రంగా మూడుసార్లు తిప్పాలి. మొదటిసారి కథలుగా, రెండోసారి కారణాలు వెతుకుతూ, హైస్కూలు ఏళ్లలో మూలగ్రంథాలే చదివి వ్యాసాలు రాస్తూ. దీనికి పూర్తి వ్యతిరేక దిశలో, 1991లో గ్రేస్ లెవెలిన్ ‘ది టీనేజ్ లిబరేషన్ హ్యాండ్‌బుక్’ రాసింది. అంతకుముందు ఇంగ్లిషు టీచరుగా పనిచేసిన ఆమె పుస్తకాన్ని తల్లిదండ్రులకు కాక నేరుగా పిల్లలకే రాసింది. బడి మానే మాట ఇంట్లో ఎలా ఎత్తాలో, రోజును ఎలా గడపాలో, పనిచేసే పెద్దల దగ్గర శిష్యరికం ఎలా అడగాలో వివరించింది. అందరు పిల్లలకూ అది పనికిరాకపోవచ్చు. కానీ డగ్లస్ అడిగిన ప్రశ్నను పిల్లల చేతికే ఇచ్చిన తొలి ప్రసిద్ధ పుస్తకంగా దాని స్థానం చెక్కుచెదరనిది.

ఆచరణలో ఎక్కువమంది ఏ ఒక్క సిద్ధాంతానికీ కట్టుబడలేదు. పది పదిహేను కుటుంబాలు చేరి చర్చి హాల్లోనో, గ్రంథాలయంలోనో వారానికి ఒక రోజు తరగతులు పెట్టుకునేవి. రసాయన శాస్త్రం తెలిసిన తల్లి ప్రయోగాలు చేయిస్తే, ఇంకొకరు స్పానిష్ చెప్పేవారు. పదహారేళ్లు దాటిన వాళ్లు దగ్గరలోని కమ్యూనిటీ కాలేజీలో ఒకటి రెండు కోర్సులు చదవడం సాధారణమైంది. ఆ కోర్సులకు వచ్చే మార్కులు, తల్లి వేసిన మార్కులను నమ్మని వాళ్లకు సమాధానంగా పనికొచ్చేవి.

ఆటపాటల విషయంలో ఇల్లు మరీ ఇరుకు. అమెరికాలో ఫుట్‌బాల్, బ్యాండు, నాటకం అన్నీ హైస్కూలుతో ముడిపడినవి. బడిలో లేని పిల్లవాడికి జట్టు లేదు. 4-హెచ్ క్లబ్బులు, స్కౌట్లు, చర్చి బృందగానాలు కొంతవరకు ఆ లోటు తీర్చాయి. 1996లో ఫ్లోరిడా, ఇంట్లో చదివే వాళ్లు ప్రభుత్వ హైస్కూలు జట్లలో ఆడవచ్చని చట్టం చేసింది. ఆ వెసులుబాటుతో ఆడి పైకొచ్చిన టిమ్ టీబో 2007లో కళాశాల ఫుట్‌బాల్‌లో అత్యున్నతమైన హైస్‌మన్ ట్రోఫీ అందుకున్నాడు. తర్వాత ఇతర రాష్ట్రాల్లో ఇటువంటి చట్టాలను ఆయన పేరుతోనే పిలవసాగారు. పన్ను కట్టే కుటుంబానికి బడి మైదానంలో పాలు ఉందని ఒక వాదన. బడి వద్దనుకున్న వాళ్లకు జట్టెందుకని మరో వాదన. పిల్లవాడి వైపు నుంచి చూస్తే మొదటి వాదనే న్యాయం.

పోటీల్లో ఇంటి పిల్లలు త్వరగా కనిపించారు. 1997 జాతీయ స్పెల్లింగ్ బీ గెలిచిన రెబెకా సీల్‌ఫన్ ఆ పోటీలో నెగ్గిన మొదటి ఇంటి విద్యార్థిని. 2000లో భారత సంతతికి చెందిన జార్జ్ థంపీ, 2021లో జైలా అవాంగార్డ్ అదే దారిలో వచ్చారు. కళాశాల ద్వారం అంతకుముందే తెరుచుకుంది. కాలిఫోర్నియాలోని బూన్‌విల్ దగ్గర కొండల్లో మేకలు పెంచుతూ, తల్లిదండ్రులతో కలిసి ఇల్లు కట్టుకుంటూ చదివిన గ్రాంట్ కోల్‌ఫ్యాక్స్‌కు 1983లో హార్వర్డ్‌లో సీటు వచ్చింది. ఆ వార్త వేల కుటుంబాలకు ధైర్యమిచ్చింది. 1998లో ఉన్నత విద్యా చట్టాన్ని సవరించి, ఇంట్లో హైస్కూలు ముగించిన వాళ్లకూ కేంద్ర ఆర్థిక సహాయం అందేలా చేశారు.

అమెరికాలో తల్లిదండ్రులు ఇచ్చే పట్టాను లోకం నమ్మాలి. భారతదేశంలో ఆ చిక్కు వేరే విధంగా తీరింది. ఇక్కడ ఇంటి చదువుకు విడిగా చట్టం లేదు. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్ల గురించే మాట్లాడుతుంది. పద్నాలుగు నిండిన పిల్లలు 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా గానీ, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సార్వత్రిక విద్యాపీఠాల ద్వారా గానీ పదో తరగతి పరీక్ష రాయవచ్చు. జాతీయ సంస్థలో కనీసం ఐదు విషయాలు ఎంచుకుని, ఐదేళ్లలో విడతలుగా పూర్తిచేయవచ్చు. బడి మానేసిన వాళ్ల కోసం, పనిచేసుకునే వాళ్ల కోసం వచ్చిన ఈ ఏర్పాటు ఇంట్లో చదివే తెలుగు పిల్లలకు కూడా దారి అయింది.

మళ్లీ అమెరికాకు వస్తే, విజయాల పక్కనే చీకటి కూడా ఉంది. ఐడహో కొండల్లో పెరిగిన తారా వెస్టోవర్ మొదటిసారి తరగతి గదిలో కూర్చున్నది పదిహేడో ఏట, బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో. ఇంట్లో ఆమెకు దొరికింది ఎక్కువగా తండ్రి తుక్కు ఇనుము పని. 2018లో ఆమె రాసిన ఆత్మకథ ఆ సంగతులు లోకానికి చెప్పింది. అంతకుముందే, 2013లో, ఇంట్లో చదివి పెద్దయిన కొందరు కలిసి కోఎలిషన్ ఫర్ రెస్పాన్సిబుల్ హోమ్ ఎడ్యుకేషన్ అనే సంస్థ పెట్టి, ఏటా పరీక్ష, పిల్లల భద్రతకు తనిఖీ ఉండాలని కోరారు. ఇవి బడి పక్షం నుంచి వచ్చిన విమర్శలు కావు. ఆ ఇళ్లలోనే పెరిగిన వాళ్ల మాటలు కనుక వాటికి బరువెక్కువ.

ప్రభుత్వ లెక్కల ప్రకారం 1999లో ఇంట్లో చదివే పిల్లలు ఎనిమిదిన్నర లక్షలు, బడి వయసు వాళ్లలో 1.7 శాతం. 2012కు ఆ సంఖ్య 17 లక్షలు దాటింది. కరోనా కాలంలో జనగణన శాఖ చేసిన సర్వేలో ఇంటి చదువు ఉన్న కుటుంబాలు 2020 వసంతంలో 5.4 శాతం, ఆ శరదృతువుకు 11.1 శాతం. నల్లజాతి కుటుంబాల్లో అది 3.3 నుంచి 16.1కి పెరిగింది. దీన్ని కేవలం తెల్లవారి క్రైస్తవ ఉద్యమంగా చూడటం ఇక కుదరదు.

2022లో అరిజోనా తన విద్యా ఖాతాల పథకాన్ని పిల్లలందరికీ విస్తరించింది. ప్రభుత్వ బడికి వెళ్లని పిల్లలకు ఏటా సుమారు 7,000 డాలర్లు వస్తాయి. వాటితో పుస్తకాలు, ట్యూషన్లు, సంగీతం పాఠాలు కొనుక్కోవచ్చు. ఈ డబ్బు తీసుకునే వాళ్లను అక్కడి చట్టం ఇంటి చదువు కుటుంబాల జాబితాలో కలపదు. డబ్బు వెంట ఆజమాయిషీ వస్తుందని భయపడి పాత తరం కుటుంబాలు చాలావరకు దూరంగానే ఉన్నాయి. చేరిన వాళ్లు బీజగణితం పుస్తకానికైనా, వయొలిన్‌కైనా పెట్టిన ఖర్చు చెల్లుతుందో లేదో తేల్చేది రాష్ట్ర విద్యాశాఖ.